పట్నం ట్రాఫిక్‌లో బండి నిజంగా ఎన్ని నిమిషాలు మిగులుస్తుంది?

చౌటుప్పల్, షాద్‌నగర్, మాల్, ఆమనగల్లు వైపు నుంచి రోజూ బైక్ మీద హైదరాబాద్‌కు ఉద్యోగానికి పోయొచ్చేవాళ్లను కదిలిస్తే రెండు మాటలు వినిపిస్తాయి. "కారైతే రెండు గంటలు, బండైతే గంటంబావు. సందు దొరికితే చాలు, ముందుకే" అంటాడొకాయన. "ఎంత తోలినా అదే టైం, ఊకె నడుం పడిపోవుడే" అంటాడు పక్కనున్నాయన. ఇద్దరి మాటా నిజమే. ఒకాయన దిల్‌సుఖ్‌నగర్ గురించి మాట్లాడుతున్నాడు, ఇంకొకాయన హైవే గురించి. బైక్ ఎక్కడ టైం మిగులుస్తుంది, ఎక్కడ మిగిలినట్టు అనిపించి మిగలదు, ఎక్కడ కారు కన్నా వెనకబడుతుంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడింటినీ కలిపి "ట్రాఫిక్" అనేస్తాం కాబట్టే వాదన తెగదు.

కింద వేసిన లెక్కల్లో దూరాలు కాస్త గుండ్రం చేసినవి. ఎవరి దారికి తగ్గట్టు వాళ్లు అంకెలు మార్చుకోవచ్చు, లెక్క తీరు మాత్రం అదే.

## నాలుగు దారులు, నాలుగు ఇరుకులు

దక్షిణ తెలంగాణ నుంచి పట్నంలోకి ముఖ్యమైన రోడ్లు నాలుగు. నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు 65వ నంబరు జాతీయ రహదారి, అంటే విజయవాడ హైవే. చిట్యాల, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్ మీదుగా ఎల్బీ నగర్ చేరుతుంది. దేవరకొండ, చింతపల్లి, మాల్ వాళ్లకు సాగర్ రోడ్డు. ఇబ్రహీంపట్నం, బొంగ్లూర్ దాటి బీఎన్ రెడ్డి నగర్‌లో పడుతుంది. కల్వకుర్తి, ఆమనగల్లు, కడ్తాల్ వాళ్లు శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ, పహాడీషరీఫ్ దాటి చాంద్రాయణగుట్టకు వస్తారు. పాలమూరు, జడ్చర్ల, షాద్‌నగర్ వాళ్లకు 44వ నంబరు రహదారి, అదే బెంగళూరు హైవే. శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా ఊళ్లోకి.

నాలుగింటి తీరూ ఒకటే. ఔటర్ రింగ్ రోడ్డు దాకా రోడ్డు విశాలం, బండ్లు పలుచన. అది దాటాక కాలనీలు, స్కూళ్లు, కూరగాయల బండ్లు, బస్టాపులు, ఆటోలు మొదలవుతాయి. వచ్చే బండ్లు పెరుగుతాయి, రోడ్డు మోసే శక్తి తగ్గుతుంది. ఈ మోసే శక్తినే ఇంజినీర్లు కెపాసిటీ అంటారు. ఒక చోటును గంటలో ఎన్ని బండ్లు దాటగలవు అన్నదే దాని అర్థం. దారి మొత్తంలో కెపాసిటీ ఎక్కడ అన్నిటికన్నా తక్కువో అదే ఇరుకు, ఇంగ్లీషులో బాటిల్‌నెక్. సాగర్ ఎడమ కాల్వ కింద సేద్యం చేసిన వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు: కాల్వ నిండా నీళ్లున్నా పొలానికి పారేది తూము వదిలినంతే.

ఇరుకు ఒకే చోట ఉండిపోదు కూడా. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక అక్కడ ఆగే పని బాగా తగ్గింది. ఆ రద్దీ మాయమైపోలేదు, ముందున్న కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు జరిగింది. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా సుమారు 4 కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. పాలమూరు వైపు నుంచి పాతబస్తీకి పోయేవాళ్లకు అది పెద్ద ఊరటే. అయినా జూపార్క్ దగ్గర దిగాక బండి పోవాల్సింది మళ్లీ పాత రోడ్ల మీదే.

## హైవే మీద వేగం పెంచితే వచ్చేదెంత?

చౌటుప్పల్ నుంచి అమీర్‌పేటలో ఆఫీసుకు పోయే మనిషిని తీసుకుందాం. ఎల్బీ నగర్ దాకా దాదాపు 40 కిలోమీటర్లు హైవే. అక్కణ్నుంచి అమీర్‌పేట దాకా 16 కిలోమీటర్లు ఊరు.

హైవే మీద 60లో పోతే 40 నిమిషాలు. 80లో పోతే 30. అంటే మీటర్ మీద 20 పెంచితే 10 నిమిషాలు మిగులుతాయి. ఇప్పుడు ఊళ్లో లెక్క చూడండి. సగటున గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సాగితే ఆ 16 కిలోమీటర్లకు 64 నిమిషాలు. 20కి పెరిగితే 48. ఇక్కడ 5 పెరిగితేనే 16 నిమిషాలు మిగిలాయి, అదీ సగం కన్నా తక్కువ దూరంలో.

కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అని చూస్తే విషయం ఇంకా తేలిక. గంటకు 10 వేగంలో కిలోమీటరుకు 6 నిమిషాలు, 15లో 4 నిమిషాలు. 60లో 1 నిమిషం, 80లో 45 సెకన్లు. అప్పటికే వేగంగా ఉన్న చోట ఇంకా వేగం పెంచినా దొరికేది సెకన్లే. నత్తనడక ఉన్న చోట కాస్త కదిలినా నిమిషాలు దొరుకుతాయి. మనవాళ్లలో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని హైవే మీద కొట్టేస్తారు, ఊళ్లో ఎలాగూ లేటే కదా అని ఏ దారి దొరికితే ఆ దారిలో పోతారు.

ఆ 10 నిమిషాల ఖరీదు కూడా చూడాలి. ముందు ఏదో అడ్డం వచ్చిందని గుర్తుపట్టి బ్రేక్ నొక్కడానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుందాం, రోడ్డు పొడిగా ఉందనీ బ్రేకులు బాగున్నాయనీ అనుకుందాం. 60లో ఉన్న బండి ఆగడానికి దాదాపు 53 మీటర్లు కావాలి. 80లో ఉంటే 83 మీటర్లు. నాలుగు లేన్లూ అంతకన్నా ఎక్కువా ఉన్న రోడ్ల మీద బైకుకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80. బోర్డు పెట్టి ఇంకా తగ్గించిన చోట్లు వేరే ఉంటాయి.

నల్లగొండ జిల్లాలో ఈ 30 మీటర్ల తేడా ఎక్కడ తెలిసొస్తుందంటే, వానాకాలం కోతలప్పుడూ, ఏప్రిల్–మేలో యాసంగి కోతలప్పుడూ. సర్వీస్ రోడ్ల మీద, ఊళ్ల మధ్య తారురోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. పగలైతే పసుపుపచ్చగా దూరం నుంచే కనిపిస్తాయి. పొద్దుగూకాక వాటిని కుప్ప చేసి పైన నల్ల టార్పాలిన్ కప్పుతారు, గాలికి లేవకుండా అంచుల మీద బండరాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కవర్, దాని అంచున రాయి. ఎదురుగా లారీ హైబీమ్ కొడుతుంటే అది ముందు చక్రం తగిలేదాకా కనిపించదు. రైతును తిట్టడం సులువే. కానీ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. చాలా ఊళ్లలో ఆరబెట్టుకునేందుకు సరైన కల్లాలు లేవు. అందరికీ అందుబాటులో ఉండే చదునైన, వేడెక్కే నేల తారురోడ్డే. ఈ చిక్కు ఒక్క పోలీసు కేసుతో తెగేది కాదు. పొద్దున చౌటుప్పల్ నుంచి 80లో వచ్చిన మనిషే రాత్రి ఊరి రోడ్డు మీద అదే అలవాటుతో 60 కొట్టడం దగ్గరే అసలు ప్రమాదం ఉంది.

## సిగ్నల్ దగ్గర బైక్ గెలుపు ఎక్కడిది?

ఊళ్లో బైకుకు దొరికే లాభం వేగం వల్ల రాదు, వెడల్పు తక్కువ కావడం వల్ల వస్తుంది. దీన్నీ లెక్కలోనే చూద్దాం.

ఒక సిగ్నల్ మొత్తం 120 సెకన్ల చక్రం అనుకోండి. మన వైపు గ్రీన్ 40 సెకన్లు, మిగతా 80 రెడ్. గ్రీన్ పడ్డాక ఒక లేన్లో కార్లు సుమారు 2 సెకన్లకు ఒకటి చొప్పున దాటుతాయి. అంటే ఒక గ్రీన్‌లో లేనుకు 20 కార్లు. మీరు కారులో 25వ వాళ్లైతే ఈ గ్రీన్ మీది కాదు, ఇంకో 80 సెకన్లు ఆగాల్సిందే. అదే బైక్ మీద సందులోంచి గీత దాకా వచ్చి నిలబడితే మొదటి గ్రీన్‌లోనే అవతల ఉంటారు. రద్దీగా ఉన్న చౌరస్తాలో ఇలా ఒకటి రెండు చక్రాలు తప్పించుకోవడమే బైక్ అసలు లాభం. అలాంటి చౌరస్తాలు నాలుగు తగిలితే ఐదారు నిమిషాలు, కొన్నిసార్లు పది.

కానీ ఎవరూ తప్పించుకోలేని భాగం ఒకటుంది. రోడ్డంతా ఖాళీగా ఉన్నా రెడ్ అంటే రెడ్డే. ఏ క్షణంలో వస్తామో చెప్పలేం కాబట్టి, ఈ 120 సెకన్ల సిగ్నల్ దగ్గర సగటున 27 సెకన్లు ఆగాలి. పది సిగ్నళ్లకు నాలుగున్నర నిమిషాలు. ఒక సిగ్నల్ నుంచి ఇంకో సిగ్నల్‌కు 65లో దూకి, బ్రేక్ కొట్టి ఆగడం వల్ల వచ్చేదేంటంటే, అదే రెడ్ దగ్గర ఇంకాస్త ముందుగా నిలబడటం. వెనక 40లో నింపాదిగా వచ్చినాయన గ్రీన్ పడేసరికి పక్కకొచ్చి కలుస్తాడు. రోజూ జరిగేదే, అయినా దూకేవాళ్లు దూకుతూనే ఉంటారు.

రోడ్ల లెక్కలు కట్టేవాళ్లు బైకును కారుతో సమానంగా చూడరు. ఒక కారును 1 అనుకుని మిగతా బండ్లను దానితో పోల్చే కొలతను ప్యాసింజర్ కార్ యూనిట్ అంటారు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 1990 మార్గదర్శకాల ప్రకారం ఊరి రోడ్ల మీద బైక్ విలువ 0.5. మొత్తం ట్రాఫిక్‌లో బైకులు 10 శాతం దాటితే 0.75. నిలబడ్డప్పుడు కారు జాగాలో మూడు నాలుగు బైకులు పడతాయి కదా, మరి ముప్పావు కారు ఎందుకంటే, నడుస్తున్నప్పుడు బైక్ చుట్టూ కూడా ఖాళీ కావాలి. అదీగాక బైక్ గీతలో నడవదు, అటూ ఇటూ కదులుతూ పక్క బండ్లను నెమ్మది చేస్తుంది.

## సందుల్లోంచి పోవడం మంచిదా, చెడ్డదా?

ఇక్కడ రెండు పనుల మధ్య తేడా గుర్తుపెట్టుకోవాలి. ఆగి ఉన్న, లేదా పాకుతున్న బండ్ల మధ్య నుంచి నెమ్మదిగా ముందుకు రావడం ఒకటి. దాన్ని ఫిల్టరింగ్ అంటారు. 50, 60లో కదులుతున్న బండ్ల మధ్య అంతకన్నా వేగంగా దూరడం రెండోది. మనం రెండింటినీ "కట్ కొట్టుడు" అనే అంటాం, కానీ ప్రమాదం విషయంలో రెండూ చాలా దూరం.

ఫిల్టరింగ్‌ను సమర్థించేవాళ్ల వాదన ఇది: బైకులు కార్ల వెనక వరుసలో నిలబడితే క్యూ ఇంకా పొడవవుతుంది, అందరికీ ఆలస్యం. 2011లో బెల్జియంలో చేసిన ఒక అధ్యయనం అక్కడి హైవే మీద 10 శాతం కార్లు బైకులైతే అందరూ కలిసి పోగొట్టుకునే టైం 40 శాతం తగ్గుతుందని లెక్క కట్టింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2014 నుంచి గంటకు 30 లోపు వేగంలో దీన్ని అనుమతించింది. కాలిఫోర్నియాలో 2017 నుంచి చట్టబద్ధం. అంతకుముందు 2015లో అక్కడి బర్కిలీ యూనివర్సిటీ పరిశోధకులు ప్రమాదాలను పరిశీలించి, ట్రాఫిక్ వేగం గంటకు సుమారు 80 లోపు ఉండి, బైక్ దానికన్నా 24 కిలోమీటర్లకు మించి వేగంగా పోకపోతే ప్రమాదం అంతగా లేదని చెప్పారు.

కాదనేవాళ్ల వాదన కూడా గట్టిదే. బెల్జియంలో బైకులు తక్కువ, అక్కడ కార్లు బైకులైతే ఖాళీ పెరుగుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు ఇప్పటికే బైకులతో నిండి ఉంది. సందులోకి అందరూ దూరితే సందే ఒక లేన్ అవుతుంది, దానికీ క్యూ పడుతుంది. అక్కడి డ్రైవర్ గీతలో పోతాడు, మన ఆటో ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఆటోకే తెలియదు. మన దేశంలో 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు మామూలుగా కుడి వైపు నుంచే ఓవర్‌టేక్ చేయమంటాయి. ముందున్న బండి కుడికి తిరగబోతున్నప్పుడు వంటి కొన్ని సందర్భాల్లోనే ఎడమ.

రెండు వాదనలూ విన్నాక నాకు అనిపించేది, ఎటు నుంచి దూరుతున్నాం అన్నదే తీర్పు చెబుతుందని. ఆగిన కార్ల మధ్య నుంచి కాలు నేలకు ఆనేంత నెమ్మదిగా రావడంలో పెద్ద తప్పు కనిపించదు. బస్టాపులో ఆగిన ఆర్టీసీ బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందు మాత్రం వేరు. జనం దిగేది ఆ వైపే. సంచితో దిగే ముసలామె బస్సు మెట్టు మీద నుంచి కిందికి చూస్తుంది గానీ వెనక్కి చూడదు. డ్రైవర్‌కు ఆ మూల అద్దంలో సరిగా కనిపించదు, బస్సు కదిలితే ముందు జరిగేది ఎడమకో కుడికో చెప్పలేం. అక్కడ ఆదా అయ్యేది ఎంతంటే బస్సు ఆగే పదిహేను, ఇరవై సెకన్లు.

## రష్ అయిపోయినా జామ్ ఎందుకు పోదు?

"తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే ఖాళీగా ఉంటుంది కదా" అని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఎందుకో చూద్దాం.

ఒక ఇరుకు గంటకు 4,000 బండ్లను వదలగలదు అనుకుందాం. పొద్దున 8 నుంచి 9:30 దాకా గంటకు 5,000 వస్తున్నాయి. ప్రతి గంటకు 1,000 బండ్లు మిగిలిపోతాయి. 8:30కు వెనక 500 బండ్ల క్యూ ఉంటుంది, అప్పుడు వచ్చి చేరినవాళ్లు దాటడానికి ఏడున్నర నిమిషాలు. 9:30కు క్యూ 1,500. అప్పుడు చేరినవాళ్లకు 22 నిమిషాలపైనే. సరే, 9:30 తర్వాత రష్ తగ్గింది, గంటకు 3,000 మాత్రమే వస్తున్నాయి. కొత్తగా వచ్చేవి తక్కువే అయినా పాత బాకీ ఉంది కదా. గంటకు 1,000 చొప్పున తీరుతూ అది ఖాళీ అయ్యేసరికి 11 అవుతుంది. 10:15కు వచ్చినాయన కూడా పదకొండు నిమిషాలు ఆగాల్సిందే, "ఈ టైంలో ఇంత జామేంది" అని తిట్టుకుంటూ.

ఇందులోంచి తేలేది ఒకటుంది. జామ్ మొదలయ్యే అంచుకు ముందే ఇరుకు దాటినవాళ్లకు దాదాపు ఏమీ ఆగకుండా పని అయిపోతుంది. గంటన్నర ఆలస్యంగా వచ్చేవాళ్లకు అదే ఇరుకు 22 నిమిషాలు. మధ్యలో పావుగంట ముందూ వెనకా జరిగితే తేడా నాలుగు నిమిషాల లోపే. కాబట్టి "పావుగంట ముందే లేస్తున్నా, ఏం లాభం లేదు" అనేవాళ్ల అనుభవం కూడా అబద్ధం కాదు. వాళ్లు జరిగింది క్యూ లోపలే, క్యూ మొదలుకు ముందుకు కాదు.

బైక్ సందుల్లోంచి పోతే ఈ ఆగడం చాలా తగ్గుతుంది, నిజమే. అయితే తూము వదిలేది మారలేదు. బైకులు పక్కపక్కన ఇరుక్కుని దాటడం వల్ల కాస్త ఎక్కువ బండ్లు పోతే అది అందరికీ లాభం. అది కాకుండా వరుసలో ముందుకు జరగడం మాత్రమే అయితే, ఆ నిమిషాలు వెనకున్న కారు, బస్సు వాళ్ల ఖాతాలో పడతాయి. యాభై మంది ఉన్న సిటీ బస్సును ముప్పై బైకులు దాటేస్తే మొత్తం మీద ఎవరికి నష్టమో అన్నది ట్రాఫిక్ ఇంజినీర్లలోనూ తెగని వాదన.

## మ్యాప్ చూపించిన గల్లీ

గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబర్‌లో మన దేశంలో టూవీలర్ మోడ్ తెచ్చింది. అప్పటినుంచి కారు పట్టని గల్లీలు కూడా ఫోన్‌లో దారులయ్యాయి. మొదట్లో అది నిజంగా లాభమే. తర్వాత? బ్రిటన్‌కు చెందిన ట్రాఫిక్ పరిశోధకుడు వార్డ్రాప్ 1952లోనే చెప్పిన సూత్రం ఒకటుంది. ఎవరికి వాళ్లు తక్కువ టైం పట్టే దారిని ఎంచుకుంటూ పోతే, చివరికి వాడుకలో ఉన్న దారులన్నీ ఒకే టైం తీసుకునే దాకా సర్దుకుంటాయి. వనస్థలిపురంలో ఒక కాలనీ దారి ఐదు నిమిషాలు తక్కువ అని పది మందికి తెలిసినంత కాలం లాభం. వెయ్యి మందికి తెలిశాక అదీ మెయిన్ రోడ్డంతే, పైగా మధ్యలో స్పీడ్ బ్రేకర్లు, ఆడుకునే పిల్లలు, గేటు ముందు కడిగిన నీళ్లు. జర్మన్ గణితవేత్త బ్రేస్ 1968లో ఇంకా విచిత్రమైనది చూపించాడు. కొన్ని చోట్ల కొత్త దారి తెరిస్తే అందరికీ టైం పెరుగుతుంది కూడా. అన్ని చోట్లా అలా జరగదు, కానీ షార్ట్‌కట్ ఎప్పుడూ మేలే అనుకోవడానికి వీల్లేదు.

## రాంగ్ రూట్: నాలుగు నిమిషాల కథ

ఈ వ్యాసంలో ఎక్కువ కోపం తెప్పించే భాగం ఇదే, రెండు వైపులా.

చిట్యాల, చౌటుప్పల్ మధ్య గుండ్రాంపల్లి, పెదకాపర్తి, వెలిమినేడు లాంటి ఊళ్లు హైవేకు ఆనుకుని ఉన్నాయి. ఇల్లు ఒక పక్క, పొలమో పెట్రోల్ బంకో ఇంకో పక్క ఉండటం మామూలు. సరైన దారిలో పోవాలంటే యూటర్న్ ఒకటిన్నర కిలోమీటరు ముందుంటే, పోయి రావడం 3 కిలోమీటర్లు, 45 వేగంలో 4 నిమిషాలు. ఎదురుగా రోడ్డు అంచున నడిపిస్తే అర నిమిషం. లాభం ఉంది కాబట్టే జనం చేస్తున్నారు. దీన్ని బుద్ధి లేకపోవడం అని కొట్టిపారేస్తే సమస్య అర్థం కాదు.

డివైడర్ మధ్య ఖాళీలను మూసేయాలనే అధికారుల వాదనకు కారణముంది. వేగంగా వచ్చే బండ్ల మధ్య అడ్డంగా దాటే ప్రతి ఖాళీ ఒక ప్రమాద స్థలం. ఊరివాళ్ల వాదన: మూస్తే మూయండి, ముందు అండర్‌పాస్, పూర్తి సర్వీస్ రోడ్డు వేయండి. ఎడ్లబండి, ట్రాక్టర్, స్కూల్‌కు పోయే పిల్ల సైకిల్ మూడు కిలోమీటర్లు తిరిగి రావాలా? సర్వీస్ రోడ్డు ఉన్న చోట కూడా అది మధ్యలో తెగిపోయి ఉంటే, జనం మళ్లీ హైవే ఎక్కుతారు. నా ఉద్దేశంలో ఊరివాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. అందుకని రాంగ్ రూట్ ప్రమాదం తగ్గిపోదు.

ఎందుకంటే ఇక్కడ రెండు వేగాలు కలుస్తాయి. కారు 90లో, ఎదురుగా బైక్ 30లో వస్తే మధ్య దూరం గంటకు 120 కిలోమీటర్ల లెక్కన కరుగుతుంది, సెకనుకు 33 మీటర్లు. రాత్రి లోబీమ్‌లో 50 మీటర్ల దూరంలో కనబడితే మిగిలేది ఒకటిన్నర సెకను. ముందు చెప్పుకున్న లెక్కలో బ్రేక్ నొక్కడానికే పట్టే సమయం అంత. 2019 సవరణలో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ట్రాఫిక్‌కు ఎదురు నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది అందుకే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్లలో 74,897 మంది టూవీలర్ మీద ఉన్నవాళ్లు, అంటే 44.5 శాతం. పదింట ఏడు మరణాలకు పోలీసులు రాసిన కారణం ఓవర్‌స్పీడ్. రోడ్డు డిజైన్ లోపం, ఆపి ఉంచిన లారీ, చీకటి చౌరస్తా లాంటివి ఫారంలో రాయడం కష్టం, "అతివేగం" రాయడం సులువు అని రోడ్డు భద్రతపై పనిచేసేవాళ్లు అంటారు. ఆ మాటలో నిజముంది. అయినా వేగం ఎక్కువైనప్పుడే మిగతా లోపాలన్నీ ప్రాణం తీస్తాయి అన్నదీ నిజమే.

## కారు గెలిచే చోటు

2025 జూన్‌లో ఒక పుకారు వాట్సాప్‌లో బాగా తిరిగింది: జులై 15 నుంచి హైవేల మీద టూవీలర్లకూ టోల్ అని. కేంద్ర మంత్రి గడ్కరీ అదేం లేదని ఖండించారు. చౌటుప్పల్ పక్కన పంతంగి టోల్ గేటు దగ్గరైనా, షాద్‌నగర్ పక్కన రాయికల్ దగ్గరైనా బైక్ టోల్ కట్టకుండానే పోతుంది. డబ్బు విషయంలో బైకుకు లాభమే. టైం విషయంలో దెబ్బ ఇంకోచోట ఉంది.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. నల్లగొండ వైపు నుంచి గచ్చిబౌలికి పోవాలనుకోండి. కారు పెద్ద అంబర్‌పేటలో ఔటర్ ఎక్కి శంషాబాద్ మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు తిరుగుతుంది. సగటున 100లో పోతే 36 నిమిషాలు. బైక్ ఊళ్లోంచి పోతే దూరం 40 పైచిలుకే, కానీ సగటు 25 వేసుకున్నా గంటన్నర దాటుతుంది. సర్వీస్ రోడ్డు పట్టుకుంటే కాస్త నయం, కానీ అది అన్ని చోట్లా ఒకేలా ఉండదు, జంక్షన్ల దగ్గర తిరుగుళ్లు ఎక్కువ. "బైక్ అంటే ట్రాఫిక్ మీద గెలుపు" అనే మాట ఐటీ కారిడార్‌కు పోయే నల్లగొండ మనిషి విషయంలో తిరగబడేది ఇక్కడే.

ఈ నిషేధం సరైనదేనా? 100, 120లో పోయే కార్లు, కంటెయినర్ల పక్కన 60లో పోయే 100 సీసీ బండి, ఆపైన వంతెనల మీద అడ్డగాలి. భద్రత కోణంలో సమాధానం స్పష్టం. ఇంకో కోణంలో చూస్తే, కారు కొనలేనివాళ్లే బైక్ మీద వస్తారు, వాళ్లకే వేగమైన దారి లేదు. నిషేధం ఎత్తేయమనడం కన్నా సర్వీస్ రోడ్లను మధ్యలో తెగకుండా, లైట్లతో బాగుచేయమనడమే గట్టి వాదన అనిపిస్తుంది.

## సగం బండి, సగం మెట్రో

మళ్లీ మన చౌటుప్పల్ మనిషి దగ్గరికి వద్దాం. ఎల్బీ నగర్ దాకా బండి, అక్కణ్నుంచి మెట్రో ఎక్కితే? ఎల్బీ నగర్–అమీర్‌పేట మెట్రో 2018 సెప్టెంబర్ నుంచి నడుస్తోంది. రైల్లో సుమారు అరగంట. బండి పెట్టడం, మెట్లు, చెకింగ్, రైలు కోసం ఆగడం ఇంకో పావుగంట. మొత్తం 45 నిమిషాలు. బైకుకు ఊళ్లో మంచి రోజున 48 అని ఇంతకుముందు లెక్క వేశాం. అంటే తేడా మూడు నిమిషాలు, అదీ అమీర్‌పేట స్టేషన్ నుంచి ఆఫీసు దూరమైతే పోతుంది.

డబ్బు లెక్కలోనూ పెద్దగా మిగలదు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండి, పెట్రోల్ 107 రూపాయలు అనుకుంటే, రానూపోనూ 112 కిలోమీటర్లకు 240 రూపాయలు, నెలకు 25 రోజులకు 6,000. ఎల్బీ నగర్‌లో ఆపేస్తే రోజుకు 70 రూపాయల దాకా పెట్రోల్ తగ్గుతుంది, దానికన్నా మెట్రో టికెట్, పార్కింగ్ ఎక్కువే. ఆడవాళ్లకు ఈ లెక్క వేరు. 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఎల్బీ నగర్ దాకా బస్సు, తర్వాత మెట్రో అయితే ఖర్చు మెట్రోదే. మహబూబ్‌నగర్ వాళ్లకు రైలూ ఉంది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ లైన్ ఇప్పుడు డబుల్ లైన్, విద్యుదీకరణ కూడా అయింది. రైలు టైమూ ఆఫీసు టైమూ కలిస్తే అంతకన్నా సుఖం లేదు, కలవకపోతే బండే గతి.

మరి బండి దిగి మెట్రో ఎక్కేవాళ్లు ఎందుకు ఎక్కుతున్నారంటే, సగటు కన్నా హెచ్చుతగ్గుల కోసం. బైక్ మీద మంచి రోజున 48 నిమిషాలు. వాన పడి అండర్‌పాస్‌లో నీళ్లు నిలిస్తే, ముందు బస్సు చెడిపోతే 75. ఆఫీసులో హాజరుకు వేలిముద్ర పెట్టాల్సిన టైం మాత్రం రోజూ తొమ్మిదిన్నరే. లేటైతే సగం రోజు జీతం కోస్తారంటే 75 నిమిషాల లెక్కనే ఇంట్లోంచి బయల్దేరాలి. మంచి రోజున అరగంట ముందే పోయి టీ తాగుతూ కూర్చోవాలి. మెట్రో వానకూ ఎండకూ 45 నిమిషాలే కాబట్టి ఆ అరగంట ఇంట్లో మిగులుతుంది. టైం మీద అంత పట్టింపు లేని ఉద్యోగమైతే ఈ లాభానికి విలువ లేదు, బండే నయం.

ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా సుమారు 7 కిలోమీటర్ల లైన్ మెట్రో రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. అది కట్టిన రోజున చౌటుప్పల్ బండి ఆగాల్సిన చోటు హయత్‌నగర్‌కు జరుగుతుంది, ఊరి ట్రాఫిక్ మొదలయ్యే ముందే. అప్పుడు మెట్రోలో కూర్చునే టైం పది, పన్నెండు నిమిషాలు పెరుగుతుంది, హయత్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా జామ్‌లో కాళ్లు ఆనించుకుంటూ పోయే టైం మొత్తం పోతుంది. పార్కింగ్‌కు జాగా ఎంత ఇస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది మిగతా లెక్క.